ఏటికి అవతల 4000, ఇవతల 1000: దేశం సంపన్నమైనా ముసలివాళ్లకు ఈ తేడా ఎందుకు?

మహేంద్రతనయ

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అత్తయ్యకు 74 ఏళ్లు. ఆమె అక్క, అంటే మా పెద్దత్తయ్య, ఆంధ్రలోని పాతపట్నంలో కొడుకు దగ్గర ఉంటుంది. మధ్యలో మహేంద్రతనయ ఏరు ఒక్కటే అడ్డు. ఇద్దరూ ఒకే సంతలో కూరలు కొంటారు, ఒకే డాక్టరుకు చూపించుకుంటారు. పెద్దత్తయ్యకు నెలనెలా ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి వృద్ధాప్య పింఛను 4000 చేతిలో పెడతారు. మా అత్తయ్యకు పదిహేనో తారీఖున 1000. ఆ వెయ్యికి వరసలో నిలబడాలి.

మొన్న ఇద్దరినీ కళ్లు చూపించడానికి శ్రీకాకుళం తీసుకువెళ్లాను. పాతపట్నంలో బస్సు ఎక్కాం. కండక్టరు పెద్దత్తయ్య ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. ఆగస్టు 15, 2025 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. అది చూసి మా అత్తయ్య కూడా కొంగు ముడి విప్పి కార్డు తీసింది. ఒడిశా చిరునామా చూసి "మీరు టికెట్ తీసుకోవాలమ్మా" అన్నాడు. అతని తప్పేమీ లేదు, నిబంధన అది. మా అత్తయ్య మాత్రం శ్రీకాకుళం దాకా నోరు విప్పలేదు.

మన దేశం ప్రపంచంలో అయిదో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిందని 2022 నుంచి వింటున్నాం. 2023-24లో వృద్ధి 8 శాతం దాటిందన్నారు. కాదనను, మా వీధిలోనే కొత్త మేడలు లేచాయి. డబ్బు లేని రోజుల్లో లేదంటే సర్దుకున్నాం. ఉన్న రోజుల్లో కూడా ఒక ముసలమ్మ ఎంతతో బతకాలన్నది ఆమె ఏ ఒడ్డున ఉందో చూసి తేల్చడం ఏమి న్యాయం? ఇది చూడవలసింది రాష్ట్రమా, కేంద్రమా?

లెక్కల_మాస్టారు

ఇద్దరూ చూడాలి. ముందు ఎవరి వాటా ఎంతో చెబుతాను.

కేంద్రం వృద్ధాప్య పింఛను 1995లో మొదలైంది, నెలకు 75 రూపాయలతో. తర్వాత దాన్ని 200 చేశారు. 2011లో అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. అక్కడితో ఆగింది. ఈ రోజుకీ 60 నుంచి 79 మధ్య వయసువారికి ఢిల్లీ నుంచి వచ్చేది 200 రూపాయలే, అదీ దారిద్య్రరేఖకు దిగువన ఉంటేనే. మిగతాదంతా రాష్ట్రం ఇష్టం. ఆంధ్రలో జులై 2024 నుంచి 4000 చేశారు. ఒడిశాలో 1000. 80 దాటినవారికీ, వైకల్యం 80 శాతం ఉన్నవారికీ మాత్రం 2025లో 3500 చేశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒడిశా 2005-06 నుంచి ఏటా రెవెన్యూ మిగులు చూపిస్తున్న రాష్ట్రం. ఆంధ్ర అప్పుల మీద నడుస్తున్న రాష్ట్రం. మిగులున్నవారు వెయ్యి ఇస్తున్నారు, అప్పున్నవారు నాలుగు వేలు ఇస్తున్నారు. కాబట్టి ఇది ఖజానాలో డబ్బుందా లేదా అన్న ప్రశ్న కాదు.

నాగావళి

మాస్టారి లెక్క సరే, దాని నుంచి తీసిన అర్థంతో నాకు పేచీ ఉంది. అప్పు చేసి పంచడాన్ని ఆదర్శంగా చూపిస్తారా? ఆ అప్పు తీర్చేది పెద్దత్తయ్య గారి మనవలే.

ఒడిశా మిగులు గాలికి పోలేదు. 2005లో ఇక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 75 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020కి అది 36కు దిగింది. అప్పటి దేశం సగటు 28, అంటే ఇంకా వెనకే ఉన్నాం, కానీ ఎంత దూరం వచ్చామో చూడండి. ఆశా కార్యకర్తలు, కాన్పుకు అంబులెన్సు, అంగన్‌వాడీ గుడ్డు, వీటికీ డబ్బే కావాలి. నేను రాయగడలో ఉంటాను. మాకు కావలసింది ఇంకో మూడు వేలు కాదు, గుండెనొప్పి వస్తే చూసే డాక్టరు. ఇప్పటికీ విశాఖ రైలే దిక్కు. కింగ్ జార్జ్ ఆసుపత్రి వరండాలో నిలబడితే రాయగడ, కొరాపుట్, గుణుపురం మాటలు ఎటు చూసినా వినిపిస్తాయి.

మహేంద్రతనయ

నాగావళి గారూ, డాక్టరు వచ్చేదాకా మా అత్తయ్య మందులు ఎవరు కొనాలి? బీపీ మాత్రలూ చుక్కల మందూ కలిపితేనే వెయ్యి అయిపోతోంది.

బరంపురం_పట్టు

ఇది కావాలా అది కావాలా అని మమ్మల్నే ఎందుకు ఎంచుకోమంటారు? పెద్ద కంపెనీల పన్ను 2019 సెప్టెంబరులో 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు, దానికి బదులు ఏది వదులుకుంటారని వాళ్లను ఎవరైనా అడిగారా?

సిరోంచ_ప్రాణహిత

మా మహారాష్ట్ర వైపు సంగతి కూడా వినండి. గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆడవాళ్లకు లాడకీ బహీణ్ కింద నెలకు 1500 వస్తోంది, 2024 నుంచి. మా ఇంట్లో ఇద్దరికి వచ్చింది, సంతోషమే.

పొలం మాత్రం పోయింది. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది. దేశంలోనే గొప్ప ఎత్తిపోతల పథకమన్నారు. గేట్లు దించితే వెనక్కి తన్నిన నీళ్లు మా వైపు చేలల్లోకి వస్తాయి. మా నాన్న పత్తి వేసిన నేల, నీళ్లు దిగాక చూస్తే మోకాలి లోతు ఇసుక, అందులో విరిగిన కట్టెలు, ఎవరిదో చిరిగిన వల. ఇసుక తీయించడానికి ట్రాక్టరు కిరాయి, తీసినా కింద నేల ముద్దగట్టి విత్తనం మొలవలేదు. పరిహారం అడిగితే ఇటువైపు కార్యాలయం అటువైపు చూపిస్తుంది, అటువైపువారు మీది మా రాష్ట్రం కాదంటారు. 2023 అక్టోబరు 21న అదే బ్యారేజీ స్తంభాలు కుంగాయి. కుంగిన స్తంభాల గురించి అసెంబ్లీలో చర్చ జరిగింది, విచారణ కమిషన్ వేశారు. మా నాన్న చేను ఎవరి నివేదికలోనూ రాలేదు.

సంపద పెరిగేటప్పుడు నష్టపోయేవాడు రాష్ట్రం గీతకు అవతల ఉంటే, అతన్ని లెక్కలోకి తీసుకునేవారే ఉండరు. మహేంద్రతనయ గారు చెప్పిన పింఛను కన్నా ఇది పెద్ద కన్నం.

వంశధార

సిరోంచ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా వంశధార నది మీద ఆంధ్ర కట్టాలనుకుంటున్న నేరడి బ్యారేజీ కూడా అంతే. నదీజలాల ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది, ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలంది. ఇన్నేళ్లయినా

జైపూర్_కాఫీ

ఆ 106 ఎకరాల మీద బతికేవాళ్లున్నారు, తమ్ముడూ. శ్రీకాకుళం చేలకు నీళ్లు కావాలి నిజమే, వాళ్లు ఎక్కడికి పోవాలి?

వంశధార

వాళ్ల సంగతి వద్దని నేను అనలేదు. వాక్యం పూర్తి కాకుండానే పోస్టు వెళ్లిపోయింది. ఇన్నేళ్లయినా ఇద్దరు ముఖ్యమంత్రులు కలిసి కూర్చుని తేల్చలేదు అని రాయబోయాను.

వేదిక_నిర్వాహకుడు

నదీజలాల తగాదాకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ విషయం సంపద పెరిగిన కాలంలో పంపకం గురించి.

ధర్మాబాద్_మిర్చి

పంపకం అంటే మా నాందేడ్ జిల్లాను మించిన ఉదాహరణ లేదు. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు 4000. మా ధర్మాబాద్ తాలూకాలో గట్టు ఇవతలివాడికి ఏమీ లేదు. ఆ ఏడే మా చుట్టుపక్కల ఊళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని తీర్మానాలు చేశాయి. పేపర్లలో భాషాభిమానం అని రాశారు. భాష ఎప్పటి నుంచో ఉంది, కోరిక మాత్రం ఆ చెక్కులు చూశాక వచ్చింది. ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం, కేంద్రం రైతుకు ఇచ్చే 6000కి ఇంకో 6000 కలిపి ఏడాదికి 12000 ఇస్తోంది. దాంతో ఆ వేడి కొంత తగ్గింది.

జైపూర్_కాఫీ

ఎకరాకు ఇంత అంటే ఎవరికి లాభం? వంద ఎకరాలున్నవాడికి. కౌలుకు చేసేవాడికి సున్నా. రైతుబంధులో కౌలు రైతుకు చోటే ఉండేది కాదు. ఒడిశాలో రైతు సాయానికి కాలియా పథకం పెట్టినప్పుడు భూమిలేని కుటుంబానికి కూడా మేకలకో కోళ్లకో 12,500 అని రాశారు. అమలులో ఎన్ని లోపాలున్నా ఆ ఆలోచన మంచిది. డబ్బు పంచడంలో నాకు అభ్యంతరం లేదు, భూమి కొలత చూసి పంచడంలోనే ఉంది.

ధర్మాబాద్_మిర్చి

వంద ఎకరాలవాళ్లు మా ఊళ్లో లేరు అన్నా. నాలుగు ఎకరాలున్నవాళ్లే ఎక్కువ. మిర్చి ధర పడిపోయిన ఏడు ఆ నాలుగు వేలే ఎరువుల దుకాణం అప్పు కట్టాయని గట్టు అవతలి మా బావ చెప్పాడు. కౌలు మాట మాత్రం ఒప్పుకుంటాను.

నాగావళి

పేరుకే కాదు, నిజంగానే రోజంతా పంచడమే పనిగా పెట్టుకున్నాయి ప్రభుత్వాలు. రైతుకు ఇంత, ఆడవాళ్లకు ఇంత, విద్యార్థికి ఇంత. ఇన్ని లక్షల కోట్లు ఇలా పోతే బడి కప్పు వేసేది ఎవరు? 80 కోట్ల మందికి ఉచిత బియ్యం 2024 జనవరి నుంచి ఇంకో అయిదేళ్లు పొడిగించారు. దేశం సంపన్నమైతే ఇన్ని కోట్ల మందికి ఉచితంగా ఎందుకు ఇవ్వాలి?

బరంపురం_పట్టు

నాగావళి గారూ, మిమ్మల్ని గౌరవిస్తూనే చెబుతున్నాను. ఒడిశా ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం కింద నాకు మొదటి అయిదు వేలు వచ్చినప్పుడు మా ఆయన కూడా ఇదే మాట అన్నారు. నేను దానికి దాచుకున్నది కలిపి పాత పికో మిషను కొన్నాను. మా వీధిలో పట్టుచీరల దుకాణాలు ఉన్నాయి, చీర అమ్మినవాడు ఫాల్సు కుట్టించి ఇవ్వాలి. ఇదివరకు వాళ్లు బజారు అవతలికి పంపేవారు, ఇప్పుడు నా దగ్గరికి తెస్తున్నారు. రెండో విడత 2025 మార్చి 8న వచ్చింది. ఆ డబ్బుతో దారం డబ్బాలు, రంగురంగుల ఫాల్సు గుడ్డ తెచ్చిపెట్టుకున్నాను. చీర రంగుకు సరిపోయే దారం చేతిలో లేకపోతే గిరాకీ తిరిగిపోతుంది, అసలు పెట్టుబడి అక్కడే ఉంటుంది.

బ్యాంకుకు వెళ్లి ఇరవై వేలు అప్పు అడిగితే ఇంటి కాగితాలు అడిగారు. ఇల్లు మామగారి పేరున ఉంది. ఆ అయిదు వేలు ఎవరి సంతకమూ లేకుండా నా ఖాతాలో పడ్డాయి. నా జీవితంలో నా పేరున వచ్చిన మొదటి పెద్ద మొత్తం అది.

మహేంద్రతనయ

అక్కా, ఈ మాట మా ఇంట్లో చదివి వినిపించాను.

నాగావళి

మీ కష్టానికి నమస్కారం. కానీ అందరూ మిషను కొనరు కదా.

బరంపురం_పట్టు

కొనకపోతే బియ్యం కొంటారు, పిల్లకు పుస్తకం కొంటారు, అమ్మకు మందు కొంటారు. అందులో వృథా ఏది?

సూరత్_మగ్గం

నేను గంజాం జిల్లావాణ్ణి, గోపాలపూర్ దగ్గర. ఉద్యోగం సూరత్ పవర్‌లూమ్‌లో. మా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ల గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పన్నెండు గంటల షిఫ్టు. మెస్సు గదిలో పగలు ఒకడు పడుకున్న చాప మీద రాత్రి ఇంకొకడు పడుకుంటాడు. నేను పనికి వెళ్లేటప్పటికి ఆ చాప మీద చెమట ఆరి ఉండదు. చెవులు మగ్గం చప్పుడుకు సగం పోయాయి. ఇంటికి ఫోను చేస్తే గట్టిగా మాట్లాడు అని నేనే అరుస్తాను.

2020 లాక్‌డౌన్‌లో మేము ఎంతమందిమి ఉన్నామో ఏ ప్రభుత్వం దగ్గరా లెక్క లేదు. ఆ తర్వాత ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చింది, 2022 జూన్‌కు అన్ని రాష్ట్రాలూ చేరాయి. ఇప్పుడు నా వాటా ఇక్కడ తీసుకోవచ్చు, ఇంట్లోవాళ్లు వాళ్ల వాటా ఊళ్లో తీసుకోవచ్చు. అది మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ రాష్ట్రం దాటి నాతో వచ్చింది ఆ అయిదు కిలోలే. ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు 2021లో తీసుకున్నాను, పర్సులో ఉంది. దాని వల్ల ఇప్పటిదాకా నాకు ఒరిగింది లేదు.

ఇంకో సంగతి. నా చిన్న కొడుకు పేరు రేషన్ కార్డులో ఎక్కడానికి ఏళ్లు పట్టింది. కోటా నిండింది అనేవారు.

లెక్కల_మాస్టారు

సూరత్ తమ్ముడి కొడుకు పేరు ఎందుకు ఎక్కలేదో చెబితే నాగావళి గారి ప్రశ్నకూ జవాబు వస్తుంది.

2013 ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతానికీ, పట్టణాల్లో 50 శాతానికీ బియ్యం ఇవ్వాలంది. ఆ శాతం కట్టేది 2011 జనాభా లెక్కల మీద. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా చేస్తామంటున్నారు. అంటే 2011 తర్వాత పుట్టినవాడికి చోటు రావాలంటే కార్డులో ఉన్న మరొకరు చనిపోవాలి, లేదా పేరు తీసేయించుకోవాలి. ఈ ఖాళీ పూడ్చడానికే ఒడిశా 2018లో సొంత డబ్బుతో 25 లక్షల మందికి రాష్ట్ర ఆహార భద్రత పథకం పెట్టింది. ఇది ఒడిశా చేసిన మంచి పనుల్లో ఒకటి, పింఛను విషయంలో తిట్టినవాణ్ణి ఇక్కడ మెచ్చుకోవాలి.

ఇక సంపద మాట. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం బహుముఖ పేదరికం (ఆరోగ్యం, చదువు, జీవన సౌకర్యాలు కలిపి చూసేది) 2013-14లో 29.17 శాతం, 2022-23కి 11.28. తగ్గింది, కళ్లకు కనిపిస్తోంది కూడా. మరో లెక్క చూడండి. దేశంలో వ్యవసాయం మీద బతికే పనివాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2023-24లో 46.1కి పెరిగింది. దేశ సంపదలో వ్యవసాయం వాటా అయిదో వంతు కూడా లేదు. సంపన్నమవుతున్న దేశంలో జనం పొలం వదిలి ఫ్యాక్టరీకి పోవాలి. మన దగ్గర పొలానికి తిరిగి వస్తున్నారు. వృద్ధి ఒకచోట, మనుషులు మరోచోట. ఉచిత బియ్యం ఎందుకు అన్నదానికి నాకు తోచిన కారణం ఇది.

చివరగా నా సొంత మాట. నేను రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. ధరలు పెరిగాయని జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి లెక్కగట్టి నా పింఛనుకు కరువు భత్యం కలుపుతారు. నేను అడగనక్కర్లేదు, ధర్నా చెయ్యనక్కర్లేదు. మహేంద్రతనయ గారి అత్తయ్య కొనే పప్పు, నేను కొనే పప్పు ఒకే కొట్టులోది. నా పప్పు ధర పెరిగిందని ఒప్పుకున్న ప్రభుత్వం ఆమె పప్పు ధర 2011 నుంచి పెరగలేదంటోంది. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది.

ధర్మాబాద్_మిర్చి

మాస్టారూ, మీ తరగతిలో కూర్చుని ఉంటే నాకు లెక్కలు తప్పేవి కావు.

జైపూర్_కాఫీ

మాస్టారి చివరి పేరా అచ్చువేసి ప్రతి పంచాయతీలో అంటించాలి.

నేను సంపద ఎక్కడి నుంచి వస్తోందో కూడా మాట్లాడాలనుకుంటున్నాను. మా కొరాపుట్, రాయగడ కొండల్లో బాక్సైటు ఉంది. దామన్‌జోడిలో, టికిరి దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీలు ఉన్నాయి. దేశానికి అల్యూమినియం కావాలి, నిజమే. 2000 డిసెంబరు 16న కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలంది. రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. దేశం ధనవంతం కావాలన్న తొందరలో ఒక కొండ మీది మనుషుల్ని నిలబెట్టి అడగడం, వాళ్లు కాదంటే ఆగడం, ఈ రెండూ జరిగిన అరుదైన సందర్భం అది.

తవ్వుతున్నచోట్ల జిల్లా ఖనిజ నిధి ఉండాలని 2015లో చట్టం మార్చారు. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, 2015 తర్వాత వేలం వేసినవైతే 10 శాతం ఆ జిల్లాకు రావాలి. 2024 జనవరి మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటివాటికే ఖర్చు పెట్టాలి. నాగావళి గారు అడుగుతున్న డాక్టరు జీతం ఈ నిధి నుంచి ఇవ్వవచ్చు. అడిగే హక్కు మనకుంది, కానీ గ్రామసభలో ఆ కాగితం ఎవరూ చదవరు.

నాగావళి

ఇది మంచి మాట. డాక్టరు ఎందుకు రాడో కూడా చెప్పండి. జీతం ఇచ్చినా రాయగడలో ఉండడు, పిల్లలకు మంచి బడి లేదంటాడు. రోడ్లకు మాత్రం కొదవ లేదు. రాయ్‌పూర్ నుంచి విశాఖకు 465 కిలోమీటర్ల ఆరు వరసల దారి నబరంగపూర్, కొరాపుట్ మీదుగా పోతోంది. ఆ దారిన సరుకు వేగంగా విశాఖ రేవుకు పోతుంది. మా రోగులు కూడా వేగంగా విశాఖకు పోతారు. నేను ఆ దారి వద్దనడం లేదు, డాక్టరు కూడా అదే దారిన ఇటు రావాలంటున్నాను.

వంశధార

వైద్యం గురించి ఒక ఉపయోగపడే విషయం. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఇదివరకు రాష్ట్రం సొంత కార్డు మాత్రమే ఉండేది. ఇప్పుడు కొత్త కార్డు ఉంటే కుటుంబానికి అయిదు లక్షల వరకు ఇతర రాష్ట్రాల్లోని జాబితా ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఆడవాళ్లకు ఇంకో అయిదు లక్షలు అదనం. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా వేరే కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. మహేంద్రతనయ గారూ, మీ అత్తయ్యకు 74 అన్నారు, ముందు అది చేయించండి.

మా నాన్నకు మోకాలి ఆపరేషన్ విశాఖలో చేయించాం. కార్డు చెల్లింది, కానీ రెండు రోజులు ఆలస్యమైంది. కారణం పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఒడిశా కాగితాల్లో తిప్పి రాశారు. కౌంటరులోని అమ్మాయి ఇద్దరూ వేరు వేరు మనుషులంది. మనవాళ్లందరికీ ఈ బెడద ఉంది, కాబట్టి ఆసుపత్రికి వెళ్లకముందే సరిచేయించుకోండి.

మహేంద్రతనయ

చాలా ధన్యవాదాలు తమ్ముడూ. మా అత్తయ్య ఆధార్ తీసి చూశాను, అదే తిరకాసు ఇందులోనూ ఉంది. సోమవారం ఆధార్ కేంద్రానికి వెళతాం.

సిరోంచ_ప్రాణహిత

కోటియా సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? ఆంధ్ర, ఒడిశా మధ్య ఆ 21 ఊళ్లు మావంటే మావని తగాదా. రెండు రాష్ట్రాలూ పోటీపడి బడులు, రోడ్లు, కార్డులు ఇస్తున్నాయి. మా పక్క చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకాలో 14 ఊళ్లు కూడా అంతే, మహారాష్ట్ర రేషనూ ఉంది, తెలంగాణ రేషనూ ఉంది. ఊరు ఎవరిదో తేలకపోతే ఇద్దరూ వస్తారు. ఎవరిదో తేలిపోయిన మా ఊరికి ఎవరూ రారు. ఆ ఊళ్లవాళ్లను తప్పుపట్టను, ఇన్నేళ్ల అయోమయానికి వాళ్లకు దక్కింది అదొక్కటే.

జైపూర్_కాఫీ

కోటియా ఊళ్లకు నేను వెళ్లాను. రెండు ప్రభుత్వాల బోర్డులు పక్కపక్కన ఉంటాయి. మంచినీళ్ల కుళాయి పాడైతే మాత్రం బాగుచెయ్యడానికి మీదంటే మీదంటారు.

బరంపురం_పట్టు

ఉపాధి హామీ కూడా చూడండి. అది కేంద్ర చట్టం. 2025-26లో ఆంధ్రలో రోజు కూలీ 307, ఒడిశాలో 273. కొండకు అటు తవ్విన మట్టి, ఇటు తవ్విన మట్టి బరువు ఒకటే. ఇది రాష్ట్రం ఇష్టం అని తప్పించుకునే వీలు కూడా లేదు, ఢిల్లీయే నిర్ణయిస్తుంది.

నాగావళి

ఈ ఒక్క విషయంలో నా ఓటు మీకే.

నేను పింఛనుకు వ్యతిరేకిని అనుకోవద్దు. నేను చెప్పేదేమంటే ప్రతి రాష్ట్రం ఎన్నికల ముందు వేలంపాట పాడుతుంటే ఏదీ నిలబడదు. కనీసం ఇంత అని దేశమంతటికీ ఒక గీత ఉండాలి, అది ధరలతో పాటు పెరగాలి. ఆ పైన రాష్ట్రాల ఇష్టం.

లెక్కల_మాస్టారు

నాగావళి గారూ, మీరూ నేనూ అరవై పోస్టుల చర్చ లేకుండానే ఒకచోటికి వచ్చాం.

ఖర్చు ఎంతవుతుందని భయపడేవారికి రెండు అంకెలు. 2024-25 బడ్జెట్‌లో కేంద్రం రోడ్లు, వంతెనల వంటి పెట్టుబడి వ్యయానికి 11.11 లక్షల కోట్లు పెట్టింది. వృద్ధులు, వితంతువులు, వికలాంగులు అందరికీ కలిపి సామాజిక సహాయానికి 9,652 కోట్లు. మొదటి అంకెలో రెండోది ఒక శాతం కూడా కాదు. 200ను అయిదింతలు చేసినా వంతెనలు ఆగవు.

సూరత్_మగ్గం

మీరు ఏదైనా అర్జీ రాస్తే వలస వెళ్లినవాళ్లను కూడా రాయండి. 2027 లెక్కలప్పుడు మేము ఊళ్లోనూ ఉండం, ఇక్కడ మెస్సు గది తలుపు తట్టేవారూ ఉండరు. రాత్రి షిఫ్టు వాళ్లను ఎప్పుడు లెక్కపెడతారో ముందే అడగండి.

మహేంద్రతనయ

అర్జీ రాస్తున్నాను. పార్లమెంటు సభ్యుడికీ, జిల్లా కలెక్టరుకూ. మూడు అంశాలు పెట్టాను: కేంద్రం ఇచ్చే 200ను కరువు భత్యంలాగా ధరలకు ముడిపెట్టాలి, సరిహద్దు జిల్లాల్లో ఉపాధి కూలీ ఒకటే ఉండాలి, ప్రాజెక్టు ముంపు రాష్ట్రం గీత దాటితే పరిహారం కేంద్రమే ఇప్పించాలి. సూరత్ తమ్ముడి మాట నాలుగోదిగా చేరుస్తాను. సిరోంచ అన్నయ్యా, మీ నాన్నగారి చేను సర్వే నంబరు పంపగలరా? ఉత్తుత్తి మాటగా కాక ఆధారంతో పెడతాను.

సిరోంచ_ప్రాణహిత

రాత్రికి పంపుతాను చెల్లెమ్మా. మా పొలం రికార్డు, అదే సాత్ బారా ఉతారా, నకలు కూడా ఉంది. మా ఊళ్లో ఇంకొందరివి కూడా అడిగి చూస్తాను.

ధర్మాబాద్_మిర్చి

మరాఠీలో కూడా ఒక ప్రతి ఉండాలి, లేకపోతే మా తహసీల్దారు పక్కన పడేస్తారు. అది నేను రాస్తాను.

జైపూర్_కాఫీ

ఒడియా ప్రతి నాది. ఖనిజ నిధి గురించి ఒక వాక్యం నేను చేర్చుకోవచ్చా?

మహేంద్రతనయ

తప్పకుండా చేర్చండి.

లెక్కల_మాస్టారు

మొదటి అంశంలో వృద్ధుల్నే రాశారు. వితంతు పింఛనులో కేంద్రం వాటా 300, అది 2012 నుంచి కదలలేదు. వికలాంగులదీ 300, అదీ వైకల్యం 80 శాతం ఉంటేనే. ఆ రెండూ అదే వాక్యంలో కలపండి, విడిగా రాస్తే విడిగా పక్కన పెడతారు.